కుక్క అడ్డమొచ్చిందని చెప్పాను

ఆ రోజు ఉదయం కల్లూరులోని మా దర్జీ అంగడికి ఎలక్ట్రిక్ సైకిల్ మీద పోతున్నాను. వెనక నా భార్య సుంకమ్మ కూర్చుని ఉంది. ఉన్నట్టుండి నా ఎడమచేయి బిగుసుకుపోయింది. తర్వాత ఏమైందో గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి రోడ్డు పక్కన పడి ఉన్నాను. సైకిల్ చక్రం వంగిపోయి, బ్యాటరీ పగిలి ఉంది. నాలుక తెగి నోట్లో రక్తం. సుంకమ్మకు మోచేయి గీరుకుపోయింది. "కాళ్లూ చేతులూ కొట్టుకున్యావు. నోట్లో నురుగొచ్చింది" అని ఏడ్చింది.

సైకిల్‌కు ఇన్సూరెన్స్ ఉంది. నష్టం చూడటానికి వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్, "జబ్బుతో పడినావంటే పైనోళ్లు ఒప్పుకోరప్పా. యాక్సిడెంటని ఆస్పత్రి కాగితం తీసుకురా" అన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు ఎలా పడ్డావని అడిగారు. సుంకమ్మ చెప్పబోయింది. నేను ఆమె కాలు తొక్కి, "కుక్క అడ్డమొచ్చింది సార్" అన్నాను. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. యాక్సిడెంటని కాగితం రాసి, నొప్పి మాత్రలిచ్చి పంపారు.

సర్వేయర్ చక్రానికి మాత్రమే ఇస్తామన్నాడు. బ్యాటరీ పాతదట. రెండు వారాలు ఫోన్లో వాదించాను. రసీదులు చూపించాను, మెకానిక్ చేత రాయించుకొచ్చాను. చివరికి బ్యాటరీ ఖరీదులో సగం కలిపారు. "గట్టోనివేనప్పా" అన్నాడతను. ఆ మాటకు మురిసిపోయాను కూడా.

"సైకిల్ బాగయింది. నిన్ను యాడ చూపించాల?" అని అడిగింది సుంకమ్మ.

"ఇప్పుడు చెప్తే కాగితం అబద్ధమైతాది. కొన్నాళ్లు ఊరుకో" అన్నాను.

నెల తిరక్కుండానే అంగడిలో ఇస్త్రీ చేస్తూ మళ్లీ పడ్డాను. కాలే ఇస్త్రీపెట్టె నా మొహం మీదికి రాకుండా సుంకమ్మ అరచేత్తో ఆపిందట.

ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి పోయాం. "ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా?" అని ఆయన సుంకమ్మనే అడిగారు. చేతికి కట్టుతో కూర్చున్న ఆ మనిషి నా వైపు చూసింది. చెప్పమంటావా అన్నట్టు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. జరిగిందంతా నేనే చెప్పాను.

"అవి ఫిట్స్. మొదటిసారే చెప్పుంటే మందుల సంగతి అప్పుడే ఆలోచించేవాళ్లం" అన్నారాయన. తిట్టలేదు. ఎంఆర్ఐ, ఈఈజీ చేయించి మాత్రలు రాశారు.

మొదట్లో మాత్రలకు పగలంతా మత్తు. నయమైందిలే అనుకుని రెండు రోజులు మానేస్తే మళ్లీ వచ్చింది. డోసు మార్చారు.

సర్వేయర్‌కు ఫోన్ చేసి నిజం చెప్పాను. "రాసియ్యప్పా, దుడ్లు వాపసు కట్టాల్సొస్తాది" అన్నాడు. రాసిచ్చాను, కట్టాను.

ఇప్పుడు ఎనిమిది నెలలుగా ఫిట్స్ లేవు. డాక్టరు చెప్పేదాకా సైకిల్ ఎక్కను. సుంకమ్మకు రెండు వేళ్లు సరిగా మడతపడవు, సూది నిలవదు. జాకెట్లకు హుక్కులు ఆమె కుట్టేది, ఇప్పుడు నేను కుడుతున్నాను. ఆమె ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

మీలో ఎవరైనా ఇట్లా స్పృహ తప్పి పడితే, చూసినవాళ్లను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి. వాళ్లు చెప్పడం అయ్యేదాకా మీరు నోరు మెదపకండి.