దేవ్‌సింగ్ నిలబడ్డ లైన్

లైన్ల నిలబడాలంటే దేవ్‌సింగ్ తరువాతనే ఎవలైనా. పాలకీడు దిక్కు ఆయన తండాల ఎవల్ని అడిగినా గిదే చెప్తరు. యూరియా దొరకని ఏడు, ఎరువుల గోదాం కాడ అందరు చెప్పులు వరుసల పెట్టి నీడకు పోతే, ఈయన మాత్రం చెప్పులిడిచిన కాడనే ఎండల నిలబడ్డడు. మిర్యాలగూడ మిల్లు ముంగట వడ్ల ట్రాక్టర్ మీద రెండు రోజులు కూసున్నడు. సూర్యాపేట కలెక్టరాఫీసుల దరఖాస్తు పట్టుకొని పొద్దుగూకేదాకా ఉన్నడు. ఒక్కనాడు లొల్లి పెట్టుకోలే, ఒక్కన్ని తోసి ముందుకు పోలే.

"ఏ లైన్ పొడుగ్గుంటే గదే మనది" అనేటోడు పెండ్లాంతోని.

"పొట్టి లైన్ ఏం పాపం జేసిందయ్యా?" అని గయ్యిమనేది పుష్పాబాయి.

ఏం జెయ్యాలె మరి! చిన్నప్పుడు నాయిన ఏలు పట్టుకొని ఏడికి పోయినా "తండోళ్లు ఎన్కకు జరుగుండ్రి" అన్న మాటే ఇన్నడు. జరిగి జరిగి అలవాటయింది. ఇప్పుడు ఎవలు అనకున్నా తనంతల తనే జరుగుతడు.

పద్నాలుగేండ్ల కింద గల్ఫ్‌కు పోయేటప్పుడు కోదాడ ఏజెంటు గుంపుకంత ఒక్కటే మాట చెప్పిండు. "అక్కడ దిగాక అందరూ కలిసి ఒకే లైన్లో నిలబడండి. అటూ ఇటూ వెళ్లి నా ప్రాణం తీయకండి." గప్పుడు గది కరెక్టే. కొత్త వీసా మీద పోయినోళ్లు కొత్తోళ్ల లైన్లనే నిలబడాలె. అయితే పనిల చేరిన రెండు నెలలకు, గాడ ఉండేటోళ్లకిచ్చే కార్డు చేతికొచ్చింది. పర్సుల పెట్టుకున్నడు. దవాఖానల చూపెట్టిండు, సిమ్ము కొనేటప్పుడు చూపెట్టిండు. సెలవు మీద ఇంటికొచ్చి మళ్ల పోయిన ప్రతిసారి ఎయిర్‌పోర్టుల మాత్రం సక్కగ గా పాత లైన్ల కొసకే పోయి నిలబడ్డడు. కౌంటర్ల ఉన్నోళ్లు పాస్‌పోర్టు చూసేది, కార్డు చూసేది, పొమ్మనేది. పని అయితున్నది గదా, ఇగ అనుమానం ఎందుకొస్తది? పక్కపొంటి గాజుగేట్ల నుంచి సర్రసర్ర పోయేటోళ్లను చూసి "పెద్దోళ్లు" అనుకునేటోడు.

పోయినేడు సెలవు మీద ఇంటికాడ ఉండంగ, గాడ రూముల భిక్షపతికి గుండెనొప్పి వచ్చింది. మాడుగులపల్లి మనిషి. పదకొండేండ్ల సంది ఇద్దరిది ఒక్క రూమే, ఒక్క పొయ్యే. ఆపరేషన్ చెయ్యాలన్నరు. భిక్షపతి భార్య కౌసల్యకు పాస్‌పోర్టే లేకపాయె. ఆమె మిర్యాలగూడ బస్టాండుకొచ్చి దేవ్‌సింగ్ రెండు చేతులు పట్టుకున్నది.

"అన్నా, గాడ ఆయనకు ఎవలున్నరు? లోపటికి తీస్కపోకముందు నువ్వొక్కసారి కనబడు. మన మనిషి ఎదురుంగ ఉంటే ధైర్యంగ పోతడు."

"నేనుంట చెల్లే. నాది పూచీ" అన్నడు దేవ్‌సింగ్. పదిహేను రోజుల సెలవు ఇంకా మిగిలుండంగనే టికెట్ మార్పిచ్చుకొని ఎక్కిండు.

పొద్దుగాల ఎనిమిదింటికి విమానం దిగింది. ఆపరేషన్ పదకొండింటికి. దవాఖాన అరగంట తోవ. కనీ, గప్పుడే ఇంకో మూడు విమానాలు దిగినయి. లైన్ మెలికలు తిరిగి మెట్లదాకా వచ్చింది. దేవ్‌సింగ్ పోయి కొసకు నిలబడ్డడు.

తొమ్మిదిన్నరకు భిక్షపతి ఫోన్ చేసిండు. "యాడున్నవే?"

"దిగినరా. లైన్ల ఉన్న."

"జర జల్ది రారాదే. బట్టలు మార్చమంటున్నరు. నాకు భయమైతున్నది."

"వస్తున్న. ముంగట వందమంది గూడ లేరు."

పదిన్నరకు మళ్ల మోగింది. "ఇంకెంతమందున్నరు?"

"ముప్పై."

"సరే తియ్యి. తలుపు దిక్కు చూస్తుంట" అని పెట్టేసిండు.

అరే, ఒక్క మాట అడిగితే ఏం పోయేది! యూనిఫాం ఏసుకున్నాయన పక్కపొంటి తిరుగుతనే ఉండె. అడిగే నోరేది? దేవ్‌సింగ్ చెమటలు తుడుచుకుంట, గడియారం చూసుకుంట నిలబడ్డడు. పదకొండు దాటినంక కౌంటర్ కాడికి వచ్చిండు. లోపల కూసున్న పిల్ల కార్డు అటు ఇటు తిప్పి చూసింది.

"నీ దగ్గర కార్డున్నది గదా, ఈడెందుకు నిలబడ్డవ్?" అని హిందీల అడిగింది. "ఇది చూసిపోనీకి వచ్చేటోళ్ల లైన్. నువ్వు ఈడ ఉండేటోడివి. అగో, గా గేటు నీది. కార్డు పెడితే తెరుచుకుంటది. నిమిషం పని."

"నాదా?" అన్నడు దేవ్‌సింగ్. "ఎప్పటిసంది?"

"నీకు కార్డిచ్చిన కాడికెల్లి."

దేవ్‌సింగ్ గా గేటు దిక్కు చూసిండు. గాడ లైనే లేదు. ఒక ముసలామె కార్డు పెట్టింది, తలుపు తెరుచుకున్నది, పోయింది. ఎనిమిదింటికి దిగినోడు ఎనిమిదిన్నరకు బయట పడేటోడు. తొమ్మిదింటికి భిక్షపతి మంచం కాడ ఉండేటోడు. ఆ పిల్ల పాస్‌పోర్టు చేతుల పెట్టి "పో భాయ్, పో" అనేదాకా కదల్లే.

దవాఖానకు ఉరికేసరికి ఆపరేషన్ రూము తలుపులు మూసిన్రు. బయట నర్సమ్మ ఉరికొచ్చిన ఈయన్ని చూసి అడిగింది. "దేవ్‌సింగ్ నువ్వేనా? స్ట్రెచర్ మీది నుంచి తల లేపి లేపి అడిగిండు, మా దేవన్న వచ్చిండా అని."

మూడింటికి డాక్టర్ బయటికొచ్చిండు. భిక్షపతి ఇగ లేడన్నడు.

శవాన్ని తీసుకొని మాడుగులపల్లికి వచ్చిండు దేవ్‌సింగ్. అంతా అయినంక, దశదినం నాడు, కౌసల్య వచ్చి ఎదురుంగ కూసున్నది. గిన్ని రోజులు ఫోన్ల అడగలేకపోయింది పాపం.

"నువ్వు కనబడ్డవా అన్నా ఆయనకు?"

దేవ్‌సింగ్ తల అడ్డంగ ఊపిండు.

"అయ్యో. ఫ్లైట్ లేటయిందా?"

ఆమె అన్న తీరుల తప్పు పట్టుడు లేదు. అవునంటే అయిపోతది. పక్కనున్న పుష్పాబాయి గూడ అవునను అన్నట్టు మోచేతితోని పొడిచింది. దేవ్‌సింగ్ కౌసల్య దిక్కు తిరిగిండు.

"లేట్ గాలే చెల్లే. టైంకే దిగిన. నన్నెవ్వలు ఆపలే. మూడు గంటలు నేనే నిలబడ్డ."