గోవాకు సెలవివ్వని సూపర్‌వైజర్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. సివిల్ డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలయింది. మా బావ (అక్క భర్త, ఉప్పల్ చుట్టుపక్కల పాత ఇళ్లకు మరమ్మతులు చేయించే చిన్న కాంట్రాక్టరు) పోనీలే పాపమని నన్ను సూపర్‌వైజర్‌గా పెట్టుకున్నాడు. సైటు మొత్తానికి ఒక్కటే హెల్మెట్, అది నా నెత్తి మీదే ఉండేది. పైకెక్కి గోడకు ప్లాస్టరింగ్ చేసేవాళ్లు తలకు తువ్వాలు చుట్టుకునేవాళ్లు. కింద నీడలో కుర్చీ వేసుకుని కూర్చునే నేనేమో హెల్మెట్ పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే లాగి ఒకటి పీకాలనిపిస్తుంది.

నాచారంలో ఓ రెండంతస్తుల ఇల్లు. వానలకు బయటి గోడంతా పెచ్చులూడిపోయింది. మొదటి రోజు పొద్దున్నే మేస్త్రీ వచ్చి నా ముందు నిలబడ్డాడు. జవహర్‌నగర్ నుంచి భార్యతో కలిసి పనికొచ్చే మనిషి, యాభై దాటినవాడు. అందరూ మామ అనేవారు. "సారూ, రెండు దినాలు గోవకే పోతయ్. గోవ అయినంకనే పని" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఇప్పుడు గోవా ఏంటి మామా? ముందు పని కానీ. తర్వాత మీ ఆవిణ్ణి కూడా తీసుకుని హాయిగా వారం రోజులు తిరిగిరా" అన్నాను. కూలీలందరూ పగలబడి నవ్వారు. మామ భార్య తట్ట కింద పడేసి మరీ నవ్వింది. గోవ అంటే కర్రలు నిలబెట్టి, తాళ్లతో కట్టి, పైన బల్లలు పరిచే పరంజా అట! (మా నాన్న రైల్వే ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చినవాడు, ఇంట్లో పరంజా అనేవాడు. కాలేజీలో స్కాఫోల్డింగ్ అన్నారు. గోవ అని ఒక్కడూ చెప్పి చావలేదు.) సాయంత్రానికల్లా నా పేరు గోవా సార్ అయిపోయింది.

ఆ ఉక్రోషంతోనే, కర్రలు వద్దు, ఇనప పైపులు తెప్పిస్తున్నానని ప్రకటించాను. మామ తల గోక్కున్నాడు. గోడ పక్కనే డ్రైనేజీ కోసం తవ్వి పూడ్చిన కొత్త మట్టి ఉంది. "కర్రయితే గుంత దీసి గట్టిగ పాతుకుంటం సారూ. పైపు గీ పోసిన మన్నుల దిగవడ్తది. కనీసం కాళ్ల కింద పలకలన్న వెట్టు" అన్నాడు. "ఇనుముకు పలకెందుకు మామా? నువ్వు నాకు చెప్తావా?" అన్నాను. పైపులన్నీ నా చేత్తో నేనే బిగించాను.

మూడో రోజు చిన్న వాన పడి వెలిసింది. మామ పైకెక్కి పని మొదలుపెట్టాడు. ఒక పైపు జానెడు లోతు మట్టిలోకి దిగింది, పైన బల్ల ఒరిగింది. ముందు సిమెంటు తట్ట పడింది, వెనకే మామ పడ్డాడు. ఆయన భార్య పరుగున వచ్చి తల ఒళ్లో పెట్టుకుని "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది. నేను నెత్తిన హెల్మెట్‌తో అలాగే నిలబడిపోయాను. ప్రాణం దక్కింది. తుంటి విరిగింది, ఇక ఎత్తులెక్కే పని మర్చిపొమ్మన్నారు దవాఖానాలో.

"ఎవడు కట్టాడురా దాన్ని?" అని మంచం దగ్గరే అరిచాడు బావ. "నేనే కట్టిన సారూ. పలకలు వెట్టుడు యాది మరిసిన" అన్నాడు మామ. బావ ఆయన్ని తిట్టిన తిట్లన్నీ పక్కనే నిలబడి విన్నాను. అంత సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకోటి చేయలేదు.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాక, దవాఖానా మెట్ల మీద కూర్చున్న ఆయన భార్య దగ్గరికి వెళ్లి, "అమ్మా, అది కట్టింది మామ కాదు, నేను" అన్నాను.

"నాకెరుక లేదా? పైపులు అందిచ్చింది నేనే గద" అంది. "మొదటి నౌకరి, పోరగాడు ఆగమైతడు అన్నడు. నేను కొట్లాడిన, ఇనలే. నీ మీద నాకు కోపం లేదనుకోకు, మస్తున్నది. నాకు జెప్తె ఏమొస్తది? పోయి మీ బావకు జెప్పు."

వెళ్లి చెప్పాను. బావ "రేపట్నుంచి రాకు" అన్నాడు. తర్వాత చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని మామ మంచం దగ్గరికి వెళ్లి, ఎవరికీ తల వంచని మనిషి రెండు చేతులూ జోడించాడు. మామకు మాత్రం నా మీద పట్టరాని కోపం వచ్చింది. "ఎందుకు జెప్పినవ్ సారూ? నా కాలెట్లనో పాయె. నీ నౌకరన్న ఉంటదనుకుంటి. ఇగ రెండూ పాయె!" అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నేను గుమ్మం దగ్గరే కూలబడి ఏడ్చేశాను. కాసేపటికి ఆయన భార్య స్టీలు డబ్బా మూత తీస్తూ, నా వైపు చూడకుండానే, "తిన్నవా బిడ్డా?" అంది. లేదన్నాను. ఏడుస్తూనే తిన్నాను, రెండోసారి పెడితే అదీ తిన్నాను. హెల్మెట్ పెట్టుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఏం చేస్తాం, బాగా ఆకలి మీదున్నాడు, వెధవ.