భూలక్ష్మి చేతుల కొలత

మా వీధిలో బిడ్డ పుట్టిందంటే టీకా కంటే ముందు నా ఊలు టోపీ నెత్తికెక్కేది. గొప్పలు చెప్పుకోవడం లేదు, నా సంచీ చూసి తలుపులు వేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. హైదరాబాదులో, అందులోనూ ఎండాకాలం బండలు పెనంలా కాలే మాదాపూర్‌లో, స్వెట్టర్ ఎవరికి కావాలి? అయినా అల్లుతూనే ఉన్నాను, పంచుతూనే ఉన్నాను. నా బాధ నాది. మంచం కింద ఒక ఇనప ట్రంకు నిండా ఊలు ఉంది మరి.

ఆ ఊలు జలంధర్‌ది. మా ఆయన తిమ్మప్ప అక్కడ మిలిటరీ స్టోర్స్‌లో పన్నెండేళ్ళు గుమాస్తాగా చేశారు. మాది కదిరి పక్క, చలంటే ఎరగని దాన్ని. పక్కింటి పంజాబీ ఆవిడ నా వణుకు చూడలేక చేతికి సూదులిచ్చి కూర్చోబెట్టింది. ఇక అదే పిచ్చి పట్టుకుంది. ఎక్కడ ఊలు చవగ్గా దొరికినా కొనడం, పాత స్వెట్టర్లు విప్పి ఆ ఊలు దాచడం. ఆయన రిటైరై, తొంభై రెండులో ఇక్కడ చిన్న ఇల్లు కట్టుకుని వచ్చేటప్పుడు బీరువా అమ్మేశాం గానీ ట్రంకు మాత్రం నేను వదల్లేదు.

"ఈ పెట్టె ఖాళీ అయ్యేదాకా ఇంకొక్క ఉండ కొన్నావంటే చూడు పార్వతీ" అన్నారు ఆయన.

నాకు రోషం ఎక్కువ. "కొననులే. ఇదంతా అల్లి పంచేదాకా కొత్త ఊలు ముట్టను" అన్నాను. ఆ మాట మీద ఆరేళ్ళు నిలబడ్డాను. నిలబడకుండా ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడు తెలుస్తోంది.

భూలక్ష్మి మా ఇంట్లో గిన్నెలు తోమేది. మేమంతా వచ్చి ఇళ్ళు కట్టకముందే ఆ గుట్టల్లో పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు సీతాఫలాలు కోసి, గంప నెత్తినపెట్టుకుని నడిచి వెళ్ళి అమ్మేదట. మొగుడు ఎల్లేశం రాళ్ళు కొట్టేవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. నాలాంటి దానికి అట్లాంటి మనిషి దొరకడం నా అదృష్టమే. నేను అరిస్తే తల వంచుకుని తోమేది, అరుపు అయిపోయాక "చాయ్ పెట్టాల్నా అమ్మా" అనేది.

విప్పిన ఊలును చిలపగా, అంటే పొడుగాటి వదులు చుట్టగా చుట్టి, ఉతికి, నీడలో ఆరేస్తే గానీ వంకర పోదు. నా ట్రంకులోదంతా అట్లా చిలపలుగానే ఉండేది. అల్లాలంటే చిలపను మళ్ళీ ఉండగా చుట్టుకోవాలి, దానికి రెండో మనిషి కావాలి. ఆ మనిషి ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ చాచి, మణికట్లకు చిలప తగిలించుకుని ఉండాలి. కుర్చీకి తగిలించినా పని జరుగుతుంది గానీ నాలుగు చుట్లకొకసారి చిక్కు పడుతుంది. మనిషి చేతులైతే దారం వచ్చే వైపు కాస్త వంగుతాయి. అందరివీ వంగవు. మా ఆయన పట్టుకుంటే అయిదు నిమిషాల్లో కునుకు తీసేవారు. మా అబ్బాయి గిరీష్ ఫోను మోగితే చాలు చిలపతో సహా లేచి పరుగెత్తేవాడు. భూలక్ష్మి చేతులు మాత్రం దారం ఎటు వస్తుందో ముందే కనిపెట్టేవి.

గిన్నెల పని అయ్యాక కొంగుతో తడి తుడుచుకుని, గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, నా ఎదురుగా చాప మీద కూర్చునేది. "తియ్యి అమ్మా, ఎన్ని చిలపలున్నయి ఇయ్యాల?" అనేది. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ నోరు విప్పని మనిషి, చేతులు కదపడానికి లేని ఆ గంటలోనే మాట్లాడేది. ముక్కు దురద పెడితే "జర గోకమ్మా" అనేది. నేను గోకేదాన్ని. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం.

తనకు పుట్టిన ఒక్క ఆడపిల్లా నెల తిరగకుండానే దవాఖానలో పోయిందని చెప్పింది కూడా అట్లాగే. అప్పుడు ఆమె చేతులకున్నది ఎదురింటి శారదమ్మ మనవడి టోపీ కోసం తీసిన పసుపు ఊలు. నేను చుట్టడం ఆపాను.

"సుట్టు అమ్మా, ఆపితె చిక్కువడ్తది" అంది.

ఒకసారి అడిగింది, "నాక్కూడ నేర్పరాదమ్మా, గిట్ల అల్లేది?"

"నీకెందుకు లేవే. నీ చేతులు గరుకు, ఊలంతా పట్టుకుంటాది" అన్నాను.

నిజమే, బూడిదతో, పీచుతో తోమి తోమి అరచేతులు పగిలి ఉండేవి. అందుకే చిలపను మణికట్టు దాటనిచ్చేది కాదు. అయితే ఆ చేతులు పగిలింది ఎవరి గిన్నెలు తోమి? నావే తోమి. అంత చిన్న సంగతి ఆ రోజు నా మట్టిబుర్రకు తట్టలేదు.

తొంభై ఎనిమిది నాటికి మా వైపు రోడ్డు వెడల్పయింది, గుట్టలు పోయి అద్దాల మేడలు లేచాయి. ఎల్లేశానికి కొట్టడానికి రాళ్ళు లేవు. గిరీష్‌కు ఆ మేడల్లోనే ఒకదాంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. ఆ చలికాలమే భూలక్ష్మికీ అదే మేడలో ఒక కాంట్రాక్టరు కింద ఊడ్చి తుడిచే పని దొరికింది. పొద్దున అక్కడ, మధ్యాహ్నం మా ఇంట్లో. యూనిఫాం చీర కట్టుకుని వచ్చిన రోజు కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడింది.

"ఎట్లుండాది మీ ఆఫీసు?" అని ఏడిపించాను.

"మస్తుందమ్మా. నేల మీద మొకం కనవడ్తది. గని లోపట సలి! మిషన్లకు సల్లగుండాల్నంట. బొక్కలల్లకు పోతది."

ఈ మాట చెప్పేటప్పుడు ఆమె చేతులకు మెరూన్ రంగు చిలప ఉంది. ట్రంకులో మిగిలిన ఒకే ఒక మంచి ఊలు అది, పన్నెండు చిలపలు. మెత్తగా, ఒత్తుగా ఉండేది. ఎవరికో గొప్పవాళ్ళకని ఏళ్ళ తరబడి దాచాను. ఆ గొప్పవాళ్ళు ఎవరో అప్పుడే తేలింది. గిరీష్ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, వాడి మేనేజరు మధుకర్ వాళ్ళమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. ఆవిడకు ఒక స్వెట్టర్ ఇస్తే మంచిదని నా తెలివి.

భూలక్ష్మి చిలప వైపు చూసి, "ఎచ్చగుంది ఊలు. ఎవరికమ్మా ఇది?" అంది.

"గిరీష్ వాళ్ళ మేనేజరు అమ్మకు."

"మంచిగుంటది ఆమెకు" అని, దారం సాఫీగా రావడానికి చేతులు కాస్త వంచింది.

పన్నెండు చిలపలు చుట్టడానికి నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. నాలుగు రోజులూ ఆ ఊలు ఆమె చేతుల మీదే ఉంది. నాకు వినపడలేదని, అర్థం కాలేదని అబద్ధం చెప్పను. విన్నాను. ఇదయ్యాక అడుగున ఏమైనా మిగిలితే ఆమెకు చూద్దాంలే అనుకున్నాను. ఆమెను నేను ఎప్పుడూ మిగిలినదాంట్లోనే లెక్కేసుకున్నాను. అడుగున మిగిలింది జానెడేసి రంగు ముక్కలు.

పది రోజుల తర్వాత గిరీష్ అన్నం తింటూ చెప్పాడు. "అమ్మా, మన భూలక్ష్మి తువ్వాలు కప్పుకుని ఊడుస్తాంటే సూపర్‌వైజర్ కేకలేసినాడు. స్వెట్టర్ ఉంటే వేసుకో, తువ్వాలు కప్పుకోవద్దు అన్నాడు."

"పెట్టెలో ఇంకా ముక్కలుండాయి కదరా. అవి అయిపోయేదాకా కొత్తది కొననని మీ నాయనకు మాటిచ్చినా" అన్నాను.

వాడు పెరుగు వేసుకున్నాడు. మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "ఏం మాట? నేనెప్పుడు అడిగితినే?" అన్నారు. ఆరేళ్ళుగా నేను పట్టుకుని వేలాడుతున్న మాట ఆయనకు గుర్తు కూడా లేదు. అయినా నేను లేవలేదు, చెప్పులు వేసుకోలేదు, సుల్తాన్ బజార్‌కు బస్సెక్కలేదు. ఏం అడ్డం వచ్చిందంటే చెప్పలేను. పంతం, బద్ధకం, ఆమె నోరు తెరిచి అడగలేదు కదా అన్న ధీమా.

జనవరిలో భూలక్ష్మికి దగ్గు పట్టుకుంది, తర్వాత జ్వరం. పదిహేను రోజులు మంచం మీదే ఉంది. లేచి వెళ్ళేసరికి కాంట్రాక్టరు ఇంకొకరిని పెట్టుకున్నాడు. అదే సమయానికి వాళ్ళ గుడిసె ఉన్న జాగా ఖాళీ చేయమన్నారు. కోకాపేటలో ఉన్న తమ్ముడు యాదయ్య దగ్గరికి మొగుడూ పెళ్ళాం మూట కట్టారు. చెప్పిపోవడానికి వస్తే ఒక పాత చీర, ఆవకాయ సీసా ఇచ్చి, మిరియాల కషాయం తాగమని సలహా కూడా ఇచ్చాను. సలహాకేం, ఊరికే వచ్చేదే కదా.

మెరూన్ స్వెట్టర్ సంగతి కూడా చెబుతాను. మేనేజరు వాళ్ళమ్మకు ఊలు పడదట. ఒంటికి తగిలితే దద్దుర్లట. మడత కూడా విప్పకుండా ఎక్కడో పెట్టేసిందని గిరీష్ చెప్పాడు. గిరీష్ ఉద్యోగం ఖాయమైంది, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఏప్రిల్‌లో తోచక మా ఆయన పాత స్వెట్టర్ ఒకటి విప్పి, ఉతికి, చిలప ఆరబెట్టి, కుర్చీకి తగిలించి చుట్టడం మొదలుపెట్టాను. నాలుగు చుట్లు తిరిగాయో లేదో చిక్కు. విప్పాను, మళ్ళీ చిక్కు. గంటసేపు ఆ కుర్చీతో పోట్లాడి, కోపంతో ఊలంతా విసిరికొట్టి, చాప మీద కూర్చుని ఏడ్చాను. ఎదురుగా మనిషి లేదు. ఆ చేతులు లేవు.

మర్నాడే సుల్తాన్ బజార్ వెళ్ళి ముదురు నీలం ఊలు కొన్నాను, అక్కడున్న వాటిలో అన్నిటికంటే మెత్తనిది. ఇంటికొచ్చి నా కొలతల పుస్తకం తీశాను. వీధిలో ప్రతివాళ్ళ ఛాతీ, భుజం, చేతి పొడవు రాసుకున్న పుస్తకం. ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన వాళ్ళ కొలతలు కూడా ఉన్నాయి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రెండుసార్లు తిప్పాను. భూలక్ష్మి పేరు లేదు. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుందామనుకున్నాను. ఊలు గుర్తొచ్చింది గానీ మనిషి ఆనవాలు చిక్కలేదు. చివరికి అంచనా మీదే అల్లాను.

మే నెల రెండో వారం. మెహదీపట్నంలో బస్సు మారి, నార్సింగి దాటి, కోకాపేట దారిలో దిగి అడుగుతూ అడుగుతూ వెళ్ళాను. పూల తోటలో బంతిపూలు కోస్తోంది. నన్ను చూసి గంప పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చింది. చిక్కిపోయింది గానీ నవ్వు అదే.

"అమ్మా! గింత ఎండల ఎట్లొచ్చినవ్? నాకు కబురు జేస్తె నేనే రాకపోదునా!"

పాకలోకి తీసుకెళ్ళి చాప దులిపి వేసింది, కుండలో నీళ్ళిచ్చింది. నా సంచీలోంచి నీలం ఊలు కొంచెం పైకి కనబడుతోంది. అది చూసింది. వెంటనే కొంగుతో చేతులు తుడుచుకుంది, గాజులు మోచేతి దాకా ఎగదోసుకుంది, నా ఎదురుగా కూర్చుని రెండు చేతులూ చాచింది.

"తియ్యి అమ్మా. ఎన్ని చిలపలున్నయి? గింత దూరం దీనికోసమే వస్తివా!"

చాచిన ఆ చేతుల్లోనే స్వెట్టర్ పెట్టాను. "చిలపల్లేవు భూలక్ష్మీ. ఇది నీకే అల్లినా."

విప్పి అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ ఎండలో, ఆ ఉక్కలో, చీర మీదే తొడుక్కుంది. భుజాల దగ్గర బిగుసుకుపోయింది. స్వెట్టర్ చేతులు మోచేతి కింద బెత్తెడు దూరంలోనే ఆగిపోయాయి. ఆరేళ్ళు నా ముందు చాచిన చేతులవి. ఎంత పొడవో నాకు తెలియలేదు.

భూలక్ష్మి ఆ పొట్టి చేతులు చూసుకుంది, నా మొహం చూసింది, నన్ను ఓదార్చడానికన్నట్టు నవ్వింది.

"ఎవరికో జేసినవు, ఆళ్ళకు సరివడలే, నేను యాదికొచ్చి తెచ్చినవు. గంతే గదా అమ్మా. ఏం గాదు, మంచిగుంది."

"లేదే. ఒట్టు. నీకే అల్లినా, నీకోసమే ఊలు కొన్నా" అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

"అవునమ్మా, నాకే" అంది మెల్లగా, ఏడ్చే పిల్లకు చెప్పినట్టు. రాని చేతులను ముంజేతుల మీదికి లాక్కుంటూ ఉండిపోయింది.