పల్లంలో మావాళ్లు, గరువులో వాళ్లు

ఎదురింటివాళ్ల సమాధుల తోట చూసి నేను ఆరేడేళ్లు కుళ్లుకున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. పట్టుచీర చూసి కుళ్లుకుంటే లోకం అర్థం చేసుకుంటుంది గాని, మట్టిని చూసి, అదీ చచ్చినవాళ్లని పెట్టే మట్టిని చూసి కుళ్లుకుందంటే దీనికి పిచ్చి అనే అంటారు.

మా ఊరు మాకవరపాలెం దాటాక రెండు కొండల నడుమ ఉంటుంది. ఆ ఊరి బడిలోనే నేను టీచర్ని. కొండ మీంచి ఒక గెడ్డ దిగివస్తుంది. ఎండాకాలంలో దాంట్లో నీళ్లకంటే రాళ్లే ఎక్కువ. ఆ గెడ్డ ఒడ్డున మెరకగా ఉన్న భూమిని గరువు అంటాం. దిగువన వరి పండే నల్లమట్టిని పల్లం అంటాం. ఎదురింటివాళ్లు కేథలిక్కులు, వాళ్ల సమాధుల తోట గరువులో ఉంది. మేము ప్రొటెస్టంట్లం, మాది పల్లంలో.

అలా ఎందుకు జరిగిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. తాతల కాలంలో ఒక రైతు రెండు గుళ్లవాళ్లకీ చెరో ముక్క ఇస్తానని, ముందొచ్చినవాళ్లు కోరుకోండని అన్నాడట. ముందు వెళ్లింది మావాళ్లే. వ్యవసాయం చేసుకునే మనుషులు కదా, గరువులో ఆ గరుకు ఇసుకమట్టి చూసి పెదవి విరిచారు. నల్లగా మెత్తగా చేతికి అంటుకునే మట్టి చూసి ఇదే మంచి భూమి అన్నారు. శవాలకి కూడా వరి పండే మట్టే కావాలనుకున్న మా పెద్దల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అక్టోబరు తుఫాను వానల్లో మా నాన్న పోయాడు. పరవాడ కంపెనీలో పనిచేసే తమ్ముడు అనకాపల్లిలో పెట్టె చేయించి వేన్‌లో తెచ్చాడు. గొయ్యి తవ్వుతుండగానే నీరు ఊరింది. బకెట్లతో తోడారు. తోడినంతా మళ్లీ వచ్చింది. పాస్టరు గారు ప్రార్థన త్వరగా ముగించారు. పెట్టె దింపితే మునగలేదు, ఒక పక్కకి ఒరిగి తేలింది. నలుగురు వెదురుబొంగులతో దాన్ని అదిమి పట్టుకుంటే మిగతావాళ్లు బురద ముద్దలు వేశారు. అమ్మ గొడుగు కింద నిలబడి అంతా చూసింది. ఏడవలేదు.

వారం తర్వాత వంటింట్లో బియ్యం కడుగుతూ, నా వైపు చూడకుండానే అంది.

“నన్ను నీళ్లల్లో ఎట్టకే. నాకు సిమెంటు సమాదొద్దు, రాయొద్దు, ఇంకేటీ వద్దు. నీళ్లల్లో మాత్రం ఎట్టకు.”

సరే అన్నాను. ఎలాగో తెలియకుండానే మాటిచ్చేశాను.

ఆ నెలలోనే ఎదురింటి ముసలావిడ పోయింది. ఆవిడ కోడలు, నేను ఒకే వయసువాళ్లం, ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. మట్టి వెయ్యడానికి గరువులోకి వెళ్లాను. ముందురోజంతా వాన కురిసింది. అయినా దారిలో నా చెప్పులకి బురద అంటలేదు. గొయ్యి అంచుకి వెళ్లి లోపలికి చూశాను. పైన జానెడు మేర గోధుమరంగు మట్టి, దాని కింద ఎర్రగా గరుగ్గా, ఇంకా కిందికి పోతే రవ్వలాంటి ఇసుక, గుండ్రాళ్లు. మధ్యమధ్య కాకిబంగారం మెరుస్తోంది. అడుగున చెమ్మ ఉంది గాని చెంచాడు నీళ్లు లేవు. పిడికెడు మట్టి వేసి చెయ్యి దులిపితే, దులిపినంతలో రాలిపోయింది. నాన్న మీద వేసిన మట్టి నా గోళ్లలోంచి పోవడానికి రెండు రోజులు పట్టింది.

వదిన ఏడుస్తుంటే భుజం పట్టుకున్నాను. లోపల మాత్రం ఒకటే మంట. పెట్టి పుట్టారు, చచ్చాక కూడా పొడిగా ఉన్నారు అనుకున్నాను. ఏడుస్తున్న మనిషి పక్కన నిలబడి అనుకోవలసిన మాట కాదది. అనుకున్నాను మరి.

రెండు తోటల్లోనూ గోతులు తవ్వేది ఒకాయనే, బావులు తవ్వే ముసలాయన. అందరూ వెళ్లిపోయాక ఆయన్ని అడిగాను.

“ఏటి తాతా, ఈ మట్టిలో నీరు ఎందుకు నిలవదు?”

“కొండరాయి పగిలి, అరిగి, గెడ్డలో కొట్టుకొచ్చిన మట్టమ్మా ఇది. గింజకీ గింజకీ మద్దిన సందుంటాది. ఎంత వానొచ్చినా కిందకి దిగిపోతాది. రెండ్రోజులు ఎండ కాత్తే మొక్కకి తడుండదు, అందుకే ఇక్కడ జీడిమామిడి తప్ప ఏటీ ఎయ్యరు. మీ పల్లం మట్టి అలగ కాదు. తాగి ఉబ్బుతాది. తాగింది వదల్దు.”

మనుషుల గురించి చెబుతున్నంత మామూలుగా చెప్పి, గునపం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అప్పటినుంచి ఏటా నవంబరులో సమాధుల పండగ వస్తే నాకు జ్వరం వచ్చినట్టుండేది. వాళ్ల తోటలో సిలువలన్నీ నిటారుగా నిలబడి ఉండేవి. సున్నం వేసి, బంతిపూలు పరిచి, పిల్లలు కొత్తబట్టలతో సమాధుల మధ్య పరుగులు పెట్టేవాళ్లు. మా తోటలో ఒక్క సమాధి తిన్నగా లేదు. వానల్లో ఉబ్బి, ఎండల్లో కుంగి, సిమెంటు పలకలు విరిగి తలోవైపు వాలిపోయాయి. కొవ్వొత్తి నిలబెడితే బురదలోకి దిగబడిపోయేది. ఒక ఏడాది వదిన మా ఇంటికొచ్చి, చాలా మర్యాదగా, ట్రాక్టరుతో నాలుగు లోడ్లు గరువు మట్టి తోలిత్తాను వదినా, దారిలో ఏసుకోండి అంది.

“మా మట్టి మాకు సాలు” అన్నాను.

ఆవిడ నొచ్చుకోలేదు. అదింకా కడుపుమంట. చెడ్డదై ఉంటే నా అసూయకి ఒక దారంటూ ఉండేది.

అమ్మకి ఆయాసం మొదలైంది. వాన పడితే కిటికీ దగ్గర కూర్చుని పల్లం వైపు చూసేది. ఇక ఆలస్యం చెయ్యకూడదని సంఘం పెద్దల దగ్గరికి వెళ్లి, గరువులో ఒక్క సెంటైనా కొందామని అడిగాను. మనవాళ్లంతా ఒకచోట ఉంటే ఆ ఒక్క మనిషికి వేరే తోటా అని కోప్పడ్డారు. అమ్మకి జపమాల నేర్పించి వాళ్ల గుళ్లో చేర్పించేద్దామా అని కూడా ఆలోచించాను. చివరికి సిగ్గు చంపుకుని ఎదురింటి గడప తొక్కాను. ఇరవై అడుగుల వీధి దాటడానికి నాకు మూడు రోజులు పట్టింది.

“అమ్మకి మీ తోటలో చోటిప్పిత్తావా వదినా?”

వదిన కారణం అడగలేదు. చేస్తున్న పని వదిలేసి, చీర కుచ్చెళ్లు సర్దుకుని వాళ్ల ఫాదరు గారి దగ్గరికి వెళ్లింది. సాయంత్రానికి కబురు తెచ్చింది. కంచె పక్కన చోటుందట, పెద్దావిడకి ఇష్టమైతే అభ్యంతరం లేదన్నారట. నేను గెలిచినట్టే ఇంట్లోకి పరిగెత్తాను. అమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. అంతా విని తల ఎత్తింది.

“మీ నాన్నని కూడా అక్కడికి తెత్తావా?”

“ఇన్నేళ్లయ్యాక ఎలగమ్మా?”

“మరాయన్ని నీళ్లల్లో వదిలేసి నానొక్కదాన్నీ పొడిగా తొంగుంటానా?”

“నువ్వే కదే నీళ్లల్లో పెట్టొద్దన్నావు.”

“అన్నాను. ఎండల్లో పోతాన్లే. అప్పుడు నీళ్లుండవు కదా” అని మళ్లీ చింతపండు పని చూసుకుంది.

నాకు నవ్వు రాలేదు. అంతకాలం కుళ్లుకుని, పెద్దల చేత మాటలు పడి, నచ్చని గడప తొక్కి తెచ్చిన పొడి మట్టిని ఆవిడ ఒక్కమాటతో తోసేసింది. నీళ్లలో ఉన్న నాన్నే ఎక్కువయ్యాడు. ఆ రోజు నాన్న మీద కూడా అసూయపడ్డాను.

రెండేళ్లకి, మే నెల నడిమధ్యలో పోయింది అమ్మ. మాట నిలబెట్టుకుంది. పల్లం మట్టి బీటలు వారి ఇనుములా బిగుసుకుపోయి ఉంది. పొద్దున్నే మొదలుపెట్టిన గొయ్యి మధ్యాహ్నం మూడింటికి గాని పూర్తి కాలేదు. నేను లోపలికి దిగి అడుగున చేత్తో తడిమి చూశాను. పొడిగా వేడిగా ఉంది. పుణ్యాత్మురాలు అన్నారందరూ. నాన్న పక్కనే పెట్టాం. ఆ రాత్రి చాలా కాలానికి కంటినిండా నిద్రపోయాను.

జూన్ చివర్లో వానలు పట్టాయి. రైతులు నారుమళ్లకి పరిగెత్తారు. మూడో రోజు బడి వదిలాక పార పట్టుకుని పల్లానికి వెళ్లాను. రెండు సమాధుల మీదా నీరు నిలిచి ఒకటే మడుగైంది. ఎక్కడ అమ్మో ఎక్కడ నాన్నో తెలియడం లేదు. గట్టు వైపు కాలువ తీశాను. నీరు కదల్లేదు. పక్క పొలంలోనూ అంతే నీరుంది, ఎక్కడికి పోతుంది? అయినా తవ్వుతూనే ఉన్నాను.

వదిన గొడుగు వేసుకుని వచ్చింది. నేను పార తీసుకుని వెళ్లడం చూసిందట. నాలుగడుగులు వేసేసరికి ఆవిడ చెప్పులు బురదలో దిగబడిపోయాయి. వాటిని పీకి గట్టు మీద పడేసి, వట్టికాళ్లతో వచ్చి నా చేతిలో పార తీసుకుని కాసేపు తనూ తవ్వింది. ఏమీ కాలేదు. పార ఆపి గొడుగు నా నెత్తి మీద పట్టింది.

“ఇంటికి పద వదినా. తడిసిపోతన్నావు.”

“నిన్ను సూత్తే నాకు కుళ్లు వదినా. మీ అత్తగారు పోయిన రోజునించీ” అన్నాను.

“తెల్సు” అంది.

నా చెయ్యి పట్టుకుని గట్టు మీదికి లాగింది. మోకాళ్ల దాకా ఇద్దరికీ ఒకే బురద. అప్పుడు కూడా, ఈవిడకి ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుంటే సరిపోతుంది కదా అనుకున్నాను.