బేస్ గిటార్‌కు ఆండాళమ్మ చుట్టిన కండె

"నలభై ఏండ్ల సంది రాట్నం తిప్పుతున్న చంద్రయ్యా. ఆండాళు చుట్టిన కండె వాపసొచ్చిందని ఈ గల్లీల ఒక్కడంటే ఒక్కడు అన్నడేమో అడుగు. పట్టు గాని, నూలు గాని, నా చేతిల పడ్డంక మగ్గం నాడెల చిక్కువడ్డదా ఎన్నడన్న? ఇప్పుడు గా గిటార్ కర్రల పెట్టిన కండెకు నోరు లేదట. ఊరంత అదే ముచ్చట. నేనెట్ల తలెత్తుకోవాలె, చెప్పు!"

చంద్రయ్య టపా సంచి పక్కన పెట్టి, గడప మీద కూర్చుని వింటున్నాడు. వినడం అతనికి అలవాటు. నారాయణపేటలో ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచే మనిషికి నోరు కన్నా చెవే ఎక్కువ పని చేస్తుంది. రేడియో పని కూడా అతను అలాగే నేర్చుకున్నాడు. గురువు లేడు. టపాలో వచ్చి, తీసుకునేవాళ్లు లేక మిగిలిపోయిన ఒక ఇంగ్లీషు రేడియో పుస్తకాన్ని పోస్టుమాస్టరును అడిగి తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని మూడేళ్లు చదివాడు. అర్థం కాని చోట చెడిపోయిన రేడియోను విప్పి చూసేవాడు. రేడియో అర్థం కాకపోతే మళ్లీ పుస్తకం తెరిచేవాడు.

1967లో వినాయక చవితి పందిరి పడిన వారం అది. ఆండాళమ్మ కొడుకు పరమేశ్వర్ మగ్గం నేసే చేతులతోనే పందిట్లో పాడే పాటల పార్టీకి గిటార్ వాయిస్తాడు. చీరలు అమ్మడానికి సికింద్రాబాద్ పోయినప్పుడు అక్కడొక క్లబ్బు గోడ అవతల నుంచి ఒక సప్పుడు విన్నాడట. చెవితో కాదు, అరికాళ్లతో విన్నానంటాడు. లోపలికి తొంగి చూస్తే నాలుగే నాలుగు తీగల గిటార్. తీగలు పలుపుతాళ్లంత లావు. దాన్ని బేస్ గిటార్ అంటారని వాయించే మనిషే చెప్పాడు. చీరల మూటతో మూడు సాయంత్రాలు గోడ బయట నిలబడ్డ ఈ పిచ్చివాణ్ని చూసి జాలిపడి, తన పాత తీగలు నాలుగు చుట్టచుట్టి చేతిలో పెట్టాడు.

అంతే, పరమేశ్వర్‌కు నిద్ర లేదు! వడ్రంగి వడ్ల భిక్షపతి వెంటపడి టేకు కర్రతో గిటార్ చెక్కించాడు. పాత మిలిటరీ సామాన్ల దుకాణంలో చెవికి పెట్టుకునే టెలిఫోన్ ముక్కలు ఏరి, వాటిలోని అయస్కాంతాలు ఊడదీశాడు. ఆ అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగ ఎనిమిది వేల చుట్లు చుట్టాలి. పైన ఇనుప తీగ కదిలితే కింద ఈ చుట్టలో కరెంటు పుడుతుంది, మైక్‌సెట్టు దాన్ని పెద్దది చేస్తుంది. పుస్తకం చూసి చంద్రయ్య చెప్పిన మాట ఇది. ఎనిమిది వేల చుట్లు ఎవరు చుట్టాలి? నారాయణపేటలో ఈ ప్రశ్న అడగడమే తప్పు. ఇంట్లో ఆండాళమ్మ ఉండగా!

ఏడేళ్ల వయసులో మేనత్త పక్కన కూర్చుని మొదటి కండె చుట్టింది ఆమె. పెళ్లినాడు కూడా పొద్దున రెండు కండెలు చుట్టి ఇచ్చి, ఆ తర్వాతే పసుపు పూయించుకుందని గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. భర్త సిద్దిరాములు గుంట మగ్గంలో కాళ్లు దించి నేస్తుంటే, ఆ 'దబ్... దబ్' లెక్కకే ఆమె చెయ్యి తిరుగుతుంది. కొడుకు తెచ్చిన రాగితీగను వేళ్ల మధ్య పెట్టి చూసి, "గిది పట్టు కన్న సన్నంగున్నది కాని, పట్టంత పొగరు లేదు" అంది. రెండు రోజుల్లో చుట్టి చేతిలో పెట్టింది.

పలకలేదు.

మైక్‌సెట్టుకు కలిపారు, తీగ మీటారు. నిశ్శబ్దం. పార్టీ పెద్ద బుచ్చయ్య మాస్టరు హార్మోనియం మూసి పకపకా నవ్వాడు. ఆయన హార్మోనియం కంఠం సన్ననిది. ఆయనకు నచ్చే సంగీతం కూడా సన్ననిదే. హారన్ కట్టి, రెండూళ్ల అవతల వినపడితేనే పాట అంటాడు.

"పాటకు కింది సప్పుడు ఎందుకురా పరమేశూ? బర్రె అర్సినట్టు!"

"పడుగు లేకుంట పేక నిలుస్తదా మాస్టర్ సాబ్? మీ హార్మోనియం పేక. నాది పడుగు."

"నీ పడుగుకు ముందుగాల నోరు రానియ్యి. శనివారం పొద్దూకే వరకు పలికితే పందిట్ల కూసో. లేకుంటే పట్నంకెళ్లి గిటార్ మనిషిని పిలిపిస్త. మల్ల పార్టీ దిక్కు రావద్దు."

ఆ శనివారం ఇదే. పొద్దు బారెడెక్కింది.

చంద్రయ్య సంచిలోంచి టార్చి సెల్లు, చెవికి పెట్టుకునే పరికరం తీశాడు. చుట్ట రెండు కొనలకు వాటిని తాకించి విన్నాడు. తీగ సాంతం ఉంటే చెవిలో 'టిక్' అనాలి. అనలేదు. మళ్లీ తాకించాడు. ఊహూఁ.

"లోపట యాడనో తెగింది పెద్దమ్మా."

"తెగలే!" ఆండాళమ్మ రాట్నం మీద చెయ్యి చరిచింది. "తెగిన తీగను నేను వదుల్తనా? గిట్లంటే గిది నాకు తిట్టే."

"అన్న, నువ్వు సుత అమ్మనే అంటవా?" పరమేశ్వర్ గోడకు చేరగిలబడి ఉన్నాడు. రెండు రోజులుగా గడ్డం కూడా గీసుకోలేదు. "తీగ పాడుదే కావచ్చు. పోనియ్. మగ్గం ఎక్కుడు నాకు రానిదా?"

ఆ మాటకు మగ్గం గుంటలోంచి సిద్దిరాములు తల ఎత్తి చూశాడు.

చంద్రయ్య లేవలేదు. "పెద్దమ్మా, నువ్వు చుట్టిన తీరు మొదటికెళ్లి చెప్పు. తొందర లేదు. గా రోజు పొద్దుగాల కూసున్న కాడికెళ్లి చెప్పు."

"ఏం చెప్పాలె? సద్ది తిన్న, కూసున్న. పెద్ద చక్రం ఒక్కపారి తిరిగితే కదురు నలభై మాట్ల తిరుగుతది. పది చక్రాలకు ఒక చింతగింజ పెట్టిన. ఇర్వై గింజలైతే నువ్వు చెప్పిన ఎనిమిది వేలు. అగో, కిటికీల ఉన్నయి సూడు, ఇంకా తియ్యలే."

చంద్రయ్య లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. గోడ మందం మీద చింతగింజలు బారుగా, మగ్గం మీద పోగుల్లా సమంగా పేర్చి ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు... ఏడో గింజ పక్కన ఎర్రగా ఒక గురిగింజ. మళ్లీ నల్లవి. పదహారో గింజ పక్కన ఇంకో గురిగింజ.

"పెద్దమ్మా, ఈ ఎర్రయి ఏంది?"

"అవా? తీగ తెగిన కాడ పెట్టుకున్న, లెక్క మర్వకుంట."

"తెగలే అంటివి గద!"

"తెగితే అతికిన గద! అతికినంక తెగినట్టా?" ఆమె గొంతులో గర్వం. "ముడేస్తే నాడెల తట్టుకుంటదని మా మేనత్త ముడే ఎయ్యనియ్యకపోతుండె. బూడిది అద్దుకోని రెండు కొసలు మెలివెట్టిన. నీ కండ్లకు గాదు, దేవునికి సుత అతుకు కానరాదు."

చంద్రయ్యకు నవ్వాలో, ఏడవాలో, ఆమె చేతులు కళ్లకు అద్దుకోవాలో తెలియలేదు.

"తప్పు నీది గాదు పెద్దమ్మా, నాది! ఎనిమిది వేలు చుట్టుమన్న గాని అసలు మాట చెప్పలే." సంచిలోంచి రాగితీగ ముక్క ఒకటి తీసి, కొనను బ్లేడుతో మెల్లగా గీకాడు. ముదురు ఎరుపు పోయి, కొత్త పైసాలా మెరిసింది. "సూడు. దీని మీద వార్నీష్ పూసి ఉంటది, కరెంటు ఒక చుట్టు నుంచి ఇంకొక చుట్టుకు దునుకకుంట. నువ్వు మెలివెట్టిన కాడ రెండు కొసలు కావలించుకున్నయి, నిజమే. కాని ఇద్దరి మీద గొంగడి ఉన్నది. ఒళ్లు తాకలే."

ఆండాళమ్మ ఆ మెరుపు ముక్కను చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టింది. తర్వాత ఒక్కసారిగా గట్టిగా నవ్వింది, గడప అవతల నీళ్లు మోస్తున్న వాళ్లు ఆగి చూసేంతగా.

"ఓరి దీని గొంగడి పాడుగాను! గింతదానికా రెండు దినాలు ముద్ద దిగలేదు నాకు? లే పరమేశూ! అటు ఉత్త కండె పెట్టు. ఏడో గింజ దాక ఇప్పుదాం!"

ఇక చూడాలి ఆ ఇంటి సంబరం! చుట్టడం కన్నా విప్పడం కష్టం. వెంట్రుక తీగను ఒక కదురు మీంచి ఇంకో దాని మీదికి తీసుకోవాలి. ఊపిరి గట్టిగా వదిలితే చాలు, తెగుతుంది. మగ్గం 'దబ్' అన్నప్పుడల్లా నేల అదిరి తీగ వణుకుతుంటే, సిద్దిరాములు చెయ్యి ఆపాడు. పట్టపగలు, పండుగల వారంలో, గిరాకీ చీర సగంలో ఉండగా ఆయన మగ్గం ఆపడం గల్లీ చరిత్రలో లేదు. గుంటలోంచి కాళ్లు తీయకుండానే, "కానియ్యుండ్రి" అన్నాడు. ఆ రోజంతటికీ ఆయన మాట్లాడింది అదే.

పదహారో గింజ దగ్గరి అతుకు దొరికింది, ఆమె వేళ్లకే దొరికింది. చంద్రయ్య గీకాడు, బొగ్గుల మీద కాల్చిన ఇనుప కడ్డీతో చిటికెడు సీసం కరిగించి అంటించాడు. పైన పతంగి కాగితం ముక్క చుట్టాడు. ఏడో గింజ అతుకు కూడా అంతే. తిరిగి చుట్టేటప్పుడు పన్నెండో గింజ దగ్గర తీగ మళ్లీ పుటుక్కుమంది. పరమేశ్వర్ తల పట్టుకున్నాడు. ఆండాళమ్మ మాత్రం తల కూడా తిప్పకుండా చెయ్యి చాచింది.

"బ్లేడు ఇటియ్యి. గొంగడి నేనే తీస్త."

మూడు దాటాక ఇరవయ్యో గింజ పడింది. చంద్రయ్య సెల్లు తాకించాడు. చెవిలో 'టిక్'! తన చెవికి ఉన్నది తీసి ఆండాళమ్మ చెవికి పెట్టి మళ్లీ తాకించాడు.

"అన్నది! టిక్కన్నది!" ఆమె చిన్నపిల్లలా అతని భుజం మీద కొట్టింది.

కాని సగమే గెలుపు. పందిట్లో మైక్‌సెట్టుకు కట్టిన హారన్ లోకి గిటార్ కలిపితే ఆ లావు తీగ దోమలా ముక్కుతో పాడింది. హారన్‌కు సన్నని గొంతులే తప్ప లోతు తెలియదు. బుచ్చయ్య మాస్టరు మీసం కింద మళ్లీ నవ్వు మొదలైంది. చంద్రయ్య పరుగెత్తాడు. తన పెద్ద రేడియో లోని కాగితపు గిన్నె స్పీకరు ఊడదీసి తెచ్చాడు. ఆండాళమ్మ ఇంట్లో జొన్నలు పోసే కాగు ఖాళీ చేయించి, దాని మూతి మీద స్పీకరును బోర్లించి బిగించాడు. కాగును పందిట్లో వేదిక చెక్కల కింద పెట్టాడు.

పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. పాట ఎత్తుకున్నారు. పరమేశ్వర్ లావు తీగను బొటనవేలితో మీటాడు.

'ధుమ్మ్...'

ముందు ఎవరికీ ఏమీ వినపడలేదు. అరికాళ్లకు తెలిసింది. చెక్కల మీది ఇత్తడి పళ్లెం సన్నగా మోగింది, అందులోని ఉండ్రాళ్లు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. గోల చేస్తున్న పిల్లలు నోళ్లు మూసి కింద ఏముందో అని నేలకేసి చూశారు. తబలా మనిషి భుజాలు విదిలించి ఇంకా గట్టిగా అందుకున్నాడు. బుచ్చయ్య మాస్టరు కళ్లు మూసుకుని హార్మోనియం వాయిస్తూనే ఉన్నాడు. రెండో చరణంలో కళ్లు తెరవకుండానే ఎడమ చేయి పైకెత్తి పరమేశ్వర్ వైపు ఊపాడు. పెంచుమని!

ఆడవాళ్ల వరుసలో ఆండాళమ్మ అరచేతులు రెండూ నేలకు ఆనించి కూర్చుంది. ఆమె చూపు కొడుకు మీద లేదు. ఏడు దగ్గర, పన్నెండు దగ్గర, పదహారు దగ్గర తన అతుకుల మీదుగా ఆ సప్పుడు నడిచి వస్తున్నట్టు పెదాలు కదుపుతూ వింటోంది. ఆ ఊగులో సిద్దిరాములు మగ్గం దెబ్బ ఉంది. ఆమె చెయ్యి ఇన్నేళ్లుగా తిరిగింది ఆ దెబ్బకే.

మంగళహారతి అయ్యాక బుచ్చయ్య మాస్టరు ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. మెడ చుట్టూ కండువా సర్దుకున్నాడు.

"వదినా, గా బర్రెను రేపు సుత తోల్కరమ్మను."

"తోల్కొస్తడు గాని మాస్టరూ, కుడితి నువ్వే పెట్టాలె!"

అక్కడున్న వాళ్లంతా ఒకటే నవ్వు.

సోమవారం పొద్దున చంద్రయ్య టపా శాఖ పెట్టే పరీక్ష రాయడానికి పట్నం బస్సు ఎక్కాలి. వెళ్తూ ఆ ఇంటి ముందు ఆగాడు. ఆండాళమ్మ పట్టు కండె చుడుతోంది. కిటికీలో చింతగింజలు అట్లాగే ఉన్నాయి. గురిగింజలు మాత్రం మూడయ్యాయి.

"ఆగు బిడ్డా, పోయేటోనివి ఒక పని చేసిపెట్టు." రాట్నం ఆపింది. పట్టీ కట్టిన చూపుడువేలు పైకెత్తింది, బ్లేడుకు తెగిన వేలు. "గా జుట్టంత సన్న రాగితీగ ఇంకొక రీలు తే. ఈ మాటు మూడు ఎర్ర గింజలు కాదు, ఒక్కటి సుత లేకుంట చుడ్త. ఇంకొకటి. పరీక్ష అయినంక సికిందరాబాద్ల గా క్లబ్బు గోడ కాడికి పో. కంపెనీల చుట్టిన కండె ఎట్ల పలుకుతదో, మనది ఎట్ల పలుకుతదో, అరికాళ్లతోని విను. చెప్పులిడిచి నిలబడి విను. ఏది మంచిగున్నదో వచ్చి నాకు చెప్పాలె. కాని చంద్రయ్యా, నా మొఖం చూసి అబద్ధం చెప్పకు!"