ఫ్రెంచి కారుకు కొబ్బరికాయ

మా ఆయన ఆ కారు తెచ్చిన రోజే నాకు భయం పట్టుకుంది. ఫ్రాన్సు వాళ్ళు పిల్లాజెల్లా ఉన్న ఇళ్ళ కోసం చేసిన మామూలు కారే అది. దానికే బలమైన ఇంజను, గట్టి సీట్లు పెట్టి, వేగం పిచ్చి ఉన్నవాళ్ళ కోసం కొన్నే తయారుచేశారట. ఎవరో ముచ్చటపడి తెప్పించుకున్నదాన్ని ఈయన సెకండ్‌హ్యాండ్‌లో పట్టుకొచ్చారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందులో నిలబెడితే బుద్ధిమంతురాలిలా ఉంటుంది. ఆక్సిలరేటర్ మీద కాలు ఆనించామా, ఇక మన మాట వినదు. "కూరగాయలకు వెళ్ళేదాన్ని, నాకెందుకండీ రేసు బండి?" అని వారం రోజులు పోట్లాడాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అత్తయ్య దిగులు వేరు. ఆవిడది నల్గొండ పక్క పల్లె, నా పుట్టిల్లు గుంటూరు వైపు. "కాయ కొట్టకుంట బండి ఎట్ల తిప్పుతరు బిడ్డా?" అని రోజూ పోరేది. పెద్ద అంబర్‌పేట్ దాటాక వాళ్ళ ఇలవేల్పు గుడి ఉంది. కొడుక్కి సెలవు దొరకలేదు. చివరికి ఒకరోజు పొద్దున్నే నేనే స్టీరింగు పట్టుకున్నాను.

ఆవిడ కొబ్బరికాయకు పసుపు రాసి, బొట్లు పెట్టి, డాష్‌బోర్డు మధ్యలో తువ్వాలు మడిచి దానిమీద కూర్చోబెట్టింది.

"ఒళ్ళో పెట్టుకోండి అత్తయ్యా, దొర్లుతుంది."

"దేవుని కాయ. ముంగటనే ఉండాలె."

పొద్దున్నే వాదన ఎందుకని కారు తీశాను.

ఎల్బీనగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక లారీవాడు హారన్‌తో చెవులు చిల్లులు పొడిచాడు. కాస్త గట్టిగా నొక్కాను. కారు ఒక్క ఉరుకు ఉరికింది. దిగువకు వచ్చేసరికి కుడివైపు నుంచి ఒక బైకు అడ్డం దూరితే స్టీరింగు ఎడమకు తిప్పాను. కాయ డాష్‌బోర్డు మీద దొర్లుకుంటూ వచ్చి, నా మోకాళ్ళకు తగిలి కింద పడింది.

ముందర, స్కూలు పిల్లలతో కిక్కిరిసిన ఆటో ఒకటి ఆగి ఉంది. వెనక సీట్లో ఇటు తిరిగి కూర్చున్న పిల్లలు మా వైపే చూస్తున్నారు. బ్రేకు తొక్కాను. దిగలేదు. పెడలు కింద కాయ ఇరుక్కుంది. ఎంత బలంగా తొక్కితే అంత బిగుసుకుంటోంది.

"కాయ! బ్రేకు కింద కాయ!" అని అరిచాను.

పక్క సీట్లో ఉన్న అత్తయ్య బెల్టు ఊడదీసుకుని నా కాళ్ళ మీదికి వంగిపోయింది. హ్యాండ్‌బ్రేక్ ఆవిడ పొట్ట కింద ఉండిపోయింది. "కాలు లేపు!" అంది. ఆటో దగ్గరవుతుంటే బ్రేకు మీది కాలు లేపడమా? చచ్చేంత భయం వేసింది. అయినా లేపాను. ఆవిడ కాయ పిలక పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కాయ బయటికొచ్చింది. రెండో చెయ్యి ఇంకా పెడలు వెనకే ఉంది.

తొక్కాను.

కారు ఆటోకు మూరెడు దూరంలో ఆగింది. వెనక కూర్చున్న పిల్లల్లో ఒకడు మాకు టాటా చెప్పాడు. అత్తయ్య అరవలేదు. చేతిని కొంగులో చుట్టుకుని, "పక్కకు ఆపు," అంది అంతే.

గుడికి వెళ్ళలేదు. దవాఖానలో రెండు వేళ్ళు విరిగాయన్నారు. ఎలా తగిలిందని డాక్టర్ అడిగితే, నేను నోరు తెరిచేలోపే, "డోరు సందుల పడ్డయ్ సారూ," అనేసింది. కొడుక్కీ అదే చెప్పింది. ఆయన నాతో, "డోరు వేసేటప్పుడు చూసుకోవద్దూ?" అని విసుక్కున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ఆవిడ కుడి చేతికి కట్టు ఉంది కాబట్టి అన్నం నేనే కలిపి పెడుతున్నాను. నాలుగు ముద్దలు తిన్నాక నా ముఖంలోకి చూసింది.

"నా చెయ్యి ఆడనే ఉందని నీకెరుకే గదా?"

అబద్ధం ఆడదామనుకున్నాను.

"తెలుసత్తయ్యా. తెలిసే తొక్కాను."

"మరి ముంగట పోరగాళ్ళుండిరి," అని, ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది. నేను ముద్ద ఇంకాస్త మెత్తగా కలిపి ఆవిడ నోట్లో పెట్టాను.