జల్లెడలో మూడు గీతలు

వీధిలో టవర్ మరిదని పేరుపడ్డ ఆ మనిషి కంటికి ఇంట్లో ఏ ఇనుప ముక్క ఆనినా ఏంటెనాలాగే ఆనేది. గరిట, గొడుగు ఊచ, బట్టలు తగిలించే హ్యాంగరు, చివరికి వదిన తలలోని పిన్ను కూడా. మార్కెట్లో గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది మనిషికి. అక్కడ కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం నోరు విప్పకుండా కూర్చునేవాడు. ఆ దాచుకున్న గొంతంతా ఇంటికొచ్చాక బయటపడేది. సెల్‌ఫోన్ దీపంలా ఎత్తి పట్టుకుని సిగ్నల్ కోసం గదిగదికీ తిరుగుతూ, "వచ్చింది! ఒక గీత వచ్చింది!" అని కేక పెట్టేవాడు. మరుక్షణం, "పోయింది" అనేవాడు, ఎవరో పోయినట్టు.

ఇల్లు అలాంటిది మరి. మూడంతస్తుల మేడలో అడుగు వాటా. చుట్టూ అంతకన్నా పెద్ద మేడలు. గోడల మందం చూస్తే కోటకు కట్టబోయి ఇంటికి కట్టారేమో అనిపిస్తుంది. లోపల ఫోను మోగదు. మాట్లాడాలంటే డాబా ఎక్కాలి. యాభై నాలుగు మెట్లు. ఆ లెక్క వదిన మోకాలికి బాగా తెలుసు. ఇంటాయన లారీ తోలుకుంటూ నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు గనక, ఇంట్లో మిగిలింది వదిన, పెళ్లి ఊసెత్తని ఈ మరిది. వదిన నాలుగో తరగతి దాకా చదివింది. ఆ నాలుగు తరగతులతోనే వీధినంతా అదుపులో పెట్టింది. అలాంటి మనిషి మోకాలు నొప్పి అని ఒప్పుకుంటుందా? ఒకరోజు పదహారో మెట్టు దగ్గర కాలు మడతపడి కూలబడితే, పైవాటా టైలరమ్మ చూసి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, పడ్డారా అక్కా?"

"పడటమేమిటే? గాలికి కూర్చున్నాను."

సరిగ్గా ఆ వారమే మరిదికి పిచ్చి ముదిరింది. గొడుగు ఊచలు పీకి, చీపురుకర్రకు చేపముల్లులా కట్టి, డాబా మీద గొట్టానికి బిగించాడు. అక్కడినుంచి పాత టీవీ వైరు ఒకటి గోడ వెంట దించి, వెంటిలేటర్లోంచి వదిన గదిలోకి లాగాడు. వైరు కొస బిస్కెట్ల డబ్బాలో దూర్చాడు. డబ్బా వెనక వదిన పిండి జల్లెడ నిలబెట్టాడు. ఫోను ఆ డబ్బాలో పడుకోబెట్టాలట. మనిషి దానిమీదికి వంగి, బావిలోకి తొంగిచూస్తున్నట్టు మాట్లాడాలట.

"ఇంత హంగామా ఎందుకయ్యా?" అంది వదిన.

"మ్యాచ్ స్కోరు చూసుకోవద్దా వదినా!"

"అయితే నీ గదిలో ఏడవచ్చుగా?"

"నా గది గోడ మరీ మందం."

ఇక ఆ గదిలో ఎవరికీ శాంతి లేదు. జాకెట్టు కొలతలకని టైలరమ్మ దిగొస్తే, "చెయ్యి కొంచెం పైకెత్తమ్మా... అలాగే ఉండు! రెండు గీతలు!" అని ఆమెను పావుగంట నిలబెట్టాడు. వదిన కుర్చీ జరిపితే డబ్బా జరిగేది. మంచం మార్చితే వైరు మారేది.

ఒక బుధవారం వదిన చెల్లెలికి ఆపరేషన్. పొట్టలో గడ్డ. పదకొండింటికి అయిపోతుంది, కాగానే ఫోన్ చేస్తానని చెల్లెలి కూతురు ముందే చెప్పింది. వదిన తెల్లారినప్పటినుంచీ ఒకచోట నిలవలేదు. చేతికి ఏదో పని కావాలి. పిండి జల్లిద్దామని చూస్తే జల్లెడ లేదు. అంతే, ఆ భయమంతా కోపమై జల్లెడ మీద పడింది. వెళ్లి ఒక్క లాగు లాగింది. జల్లెడా వచ్చింది, దానితోపాటు వైరూ ఊడొచ్చింది. ఈ బొమ్మలాట ఎవరిక్కావాలి, డాబా ఉండనే ఉందిగా అనుకుంది.

పదిన్నరకు వాన పట్టుకుంది. వదిన మెట్లెక్కబోయింది. తడి మెట్లు. మూడో మెట్టు దగ్గరే మోకాలు మొరాయించింది. దిగి వచ్చి, వైరును డబ్బాలో తోచినట్టు కుక్కి, ఫోను పడుకోబెట్టింది. ఒక్క గీత లేదు. పదకొండు దాటింది. పదకొండున్నర అయింది. అవతల చెల్లెలు ఎలా ఉందో, ఇవతల ఈ డబ్బా మూగనోము.

పన్నెండింటికి మరిది వానలో తడిసి వచ్చాడు. మధ్యాహ్నం పూట కొట్టు కట్టేయడం అతని చరిత్రలోనే లేదు.

"ఫోనొచ్చిందా వదినా?"

"రాలేదు. నీ జల్లెడ... నా జల్లెడ... నేనే పీకేశాను."

మరిది జల్లెడ తీసి చూసి, "పిండి బాగా జల్లించావు" అన్నాడు. వైరు కొస చెక్కి మళ్లీ బిగించాడు. గీత రాలేదు. గాలికి డాబా మీద చీపురుకర్ర తిరిగి ఉంటుందని పైకి పరుగెత్తాడు. అక్కడినుంచి అరిస్తే కిందికి వినపడదు. మధ్యలో టైలరమ్మ మెట్ల మీద నిలబడింది.

"గీత ఉందా?" పైనుంచి.

"గీత ఉందా అంటున్నాడు!"

"లేదని చెప్పవే!"

"లేదంట!"

"ఇప్పుడు?"

"ఇప్పుడో అంటున్నాడు!"

"ఒకటి... రెండు... మూడు! మూడు గీతలొచ్చాయే! కదలొద్దని చెప్పు!"

"మూడంట! కదలొద్దంట!"

డబ్బాలో ఫోను మోగింది. బిస్కెట్ల డబ్బాకు అంత గొంతుందని ఎవరికీ తెలియదు.

"పెద్దమ్మా! ఎన్నిసార్లు చేశానో! గడ్డ తీసేశారు. భయం లేదన్నారు డాక్టరు గారు. అమ్మ లేచింది కూడా. దిండు ఎత్తు చాల్లేదని నర్సుతో పోట్లాడుతోంది."

"పోట్లాడుతోందా?" వదిన కుర్చీలో వాలిపోయింది. "అయితే బాగున్నట్టే."

టైలరమ్మా వదినా ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నవ్వుకున్నారు, కళ్లు తుడుచుకున్నారు, టీ పెట్టుకున్నారు. గ్లాసులు ఖాళీ అయ్యాక వదినకు గుర్తొచ్చింది.

"అవునే, అతనికి దిగమని ఎవరన్నా చెప్పామా?"

చెప్పలేదు. వానలో అరగంటగా చీపురుకర్ర పట్టుకుని కదలకుండా నిలబడే ఉన్నాడు.

అతను దిగి తువ్వాలుతో తల తుడుచుకుంటుంటే, పొడి చొక్కా కోసం వదిన అతని గదిలోకి వెళ్లింది. ఫోను చేతిలోనే ఉంది. చూస్తే అక్కడ ఒక్క గీత లేదు. అంత ఇంజినీరు గదిలో సున్నా.

"నిన్న మ్యాచ్ ఎవరు గెలిచారయ్యా?" అంది బయటికొచ్చి.

"మన... మనవాళ్లే."

"నిన్న మ్యాచ్ లేదంది టైలరమ్మ. ఎవరి కోసం కట్టావు ఇది?"

మరిది తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. "పదహారో మెట్టు మీద గాలికి కూర్చున్నావట కదా. అక్కడ గాలి రాదు వదినా. ఈ గదిలోనే బాగా వస్తుంది."

మోకాలి మాట అతనూ ఎత్తలేదు, వదినా ఎత్తలేదు. వదిన వంటింట్లోకి వెళ్లి టీ వడకట్టే జాలి, రెండు గరిటెలు తెచ్చి అతని ముందు పెట్టింది.

"నీ గదిలోకీ లాగు ఆ వైరు."

"నాకెవరు ఫోన్ చేస్తారు వదినా?"

"నేను చేస్తాను. నిన్ను అన్నానికి పిలిచీ పిలిచీ గొంతు పోతోంది."

మర్నాడు వదిన తన డబ్బా మీదికి వంగి ఫోన్ చేసింది. ఎనిమిదడుగుల దూరంలో, గోడ అవతల గదిలో మోగింది.

"అన్నానికి రా."

"వదినా! మూడు గీతలు!" ఆ కేకకు ఫోనూ అక్కర్లేదు, గోడా అడ్డు కాదు.

పైనుంచి టైలరమ్మ అందుకుంది. "మూడంట!"